పొట్టి తొట్టిలో ఇనప పీట

ఆ నీలం పట్టా చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

కెనడాలో మేముండే రెజైనా నుంచి గంట ప్రయాణంలో, లోయలో ఒక సరస్సు ఉంది. ఆ వేసవి మేము అక్కడ టెంటు వేసుకుని దిగాం. మా పక్క చోటులో ఒక ముసలాయన, వాళ్ళావిడ పెద్ద ట్రైలర్‌తో దిగారు. వాళ్ళ పికప్ బండికి వెనక అద్దం లేదు. అద్దం ఉండాల్సిన చోట నీలం టార్పాలిన్ పట్టా కప్పి చుట్టూ టేపు అంటించారు. గాలి వీచినప్పుడల్లా ఆ పట్టా లోపలికి పీల్చుకుపోతుంది, మళ్ళీ ఉబ్బుతుంది, టపటపా కొట్టుకుంటుంది. లోయలో గాలి ఎప్పుడు ఆగింది గనక?

మావారు వెళ్ళి ఆయనతో మాట్లాడి నవ్వుకుంటూ వచ్చారు.

"మలుపులో ట్రైలర్ మూల తగిలిందటే. తగలగానే అద్దం గలగలమని రాలిపోయిందట."

"వెనక సీట్లో ఎవరూ లేరా?"

"కుక్క ఉందట. దానికేం కాలేదులే."

ఆ కుక్కని నేను చూస్తూనే ఉన్నాను. ఎర్రటి పెద్ద కుక్క. ముసలాయన బండి తలుపు తీసి పిలిస్తే అది రాదు. నాలుగు కాళ్ళూ నేలకి తన్నిపెట్టి నిలబడుతుంది. చివరికి ముసలావిడే దాన్ని సంకలో ఎత్తుకుని లోపల కూర్చోబెట్టింది. కూర్చున్నాక కూడా అది ముందుకి చూడలేదు. మెడ తిప్పి ఆ పట్టా వంకే చూస్తూ ఉంది.

మా బండిలో ఆ కుక్క కూర్చునే చోట మా మనవరాలు కూర్చుంటుంది.

మా అమ్మాయికి ఆస్పత్రిలో డ్యూటీలు, అల్లుడికి ఆఫీసు. వేసవి సెలవుల్లో మనవరాలు మా దగ్గరే ఉంటుంది. అప్పటికి దానికి నాలుగో ఏడు. మావారు జీవితమంతా స్టీరింగ్ పట్టుకునే బతికారు. ఇండియాలో లారీ. ఇక్కడికి వచ్చాక చాలా ఏళ్ళు పెద్ద ట్రక్కు తోలి, నడుం నొప్పి పట్టుకున్నాక స్కూలు బస్సుకి మారారు. స్కూళ్ళకి సెలవులిస్తే ఆయనకీ సెలవులే. ఆయనకి ఒకటే కోరిక. ట్రక్కు తోలే రోజుల్లో వాంకూవర్ వైపు ఆ మంచు కొండల మధ్య నుంచి ఎన్నిసార్లు పోయారో, ఒక్కసారీ దిగి చూడలేదు. లోడు ఇచ్చే టైము, నిద్రపోయే టైము, అంతే. ఇప్పుడు ఇల్లు వెంట కట్టుకుని పోయి, ఆ కొండల్ని మనవరాలికి చూపించాలి.

అందుకని ఒక రైతు దగ్గర పాత ట్రైలర్ కొన్నారు. లోపల మంచం, పొయ్యి, చిన్న బాత్రూము అన్నీ ఉన్నాయి. బాగానే ఉంది. కానీ అది మామూలు ట్రైలర్ కాదు, ఫిఫ్త్ వీల్ అనే రకం. మామూలుదైతే బండి బంపరుకి తగిలించి లాక్కుపోతారు. ఇది అలా కాదు. దీని మెడ ఎత్తుగా ముందుకి సాగి, పికప్ వెనక సామాను వేసే తొట్టి మీదికి వస్తుంది. ఆ మెడ కింద లావుపాటి ఇనప మేకు వేలాడుతూ ఉంటుంది. తొట్టిలో ఒక ఇనప పీట బిగించాలి. ఆ పీటకి నోరుంటుంది. మేకు ఆ నోట్లో పడితే పీట దాన్ని కరిచి పట్టుకుంటుంది. దాన్ని హిచ్ అంటారు. నా నోటికి పీటే అలవాటైంది.

మా పికప్ నాలుగు తలుపులది. పిల్ల సీటు బిగించడానికి వీలుంటుందని అప్పట్లో నేనే పట్టుబట్టి నాలుగు తలుపులది తీసుకోమన్నాను. క్యాబిన్ పెద్దదైతే తొట్టి పొట్టిదవుతుంది. తొట్టి పొట్టిదైతే ట్రైలర్ మూతి క్యాబిన్‌కి దగ్గరవుతుంది. తిన్నగా పోతున్నంతసేపు భయం లేదు. బండి గట్టిగా మలుపు తిరిగిందా, మూతి మూల వచ్చి క్యాబిన్ వీపున పొడుస్తుంది. ఆ వీపున ఉన్నది అద్దం. అద్దానికి ఇవతల మా పిల్ల తల.

ఇది నాకు ఎవరూ చెప్పలేదు. ఆ పట్టా చూసి వచ్చాక వంటింట్లో నేనే పెట్టి చూసుకున్నాను. టీ పొడి డబ్బా క్యాబిన్. దాని వెనక అట్టముక్క తొట్టి. బూట్ల పెట్టె ట్రైలర్. దబ్బనంతో బూట్ల పెట్టెని అట్టముక్కకి గుచ్చాను. పెట్టెని మెల్లగా పక్కకి తిప్పాను. కొంతవరకు ఏమీ లేదు. ఇంకొంచెం తిప్పేసరికి పెట్టె మూల వెళ్ళి డబ్బాని నెట్టింది. డబ్బా దొర్లి కిందపడి, మూత ఊడి, నేలంతా టీ పొడి.

మావారు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు.

"పోయింది టీ పొడి. సాయంత్రం నాకేం ఇస్తావు, బూట్ల పెట్టె మరిగించి ఇస్తావా?"

"చూశారా, ఎలా నెట్టిందో?"

"బూట్ల పెట్టె చదరంగా ఉంటుందే. ట్రైలర్ మూతి గుండ్రం."

"గుండ్రం ఎక్కడుందండీ? మూలలు కాస్త చెక్కారు, అంతేగా."

"ఇంత పొడుగు ట్రక్కు తోలినవాణ్ణి. నాకు నేర్పుతున్నావా?"

నిజమే, తోలారు. కానీ ఆ ట్రక్కులకి క్యాబిన్ ఎక్కడో ముందుంటుంది, మేకు ఎక్కడో వెనక ఉంటుంది. మధ్యలో మనిషి పడుకునేంత ఖాళీ. ఆయన చేతులకి అలవాటైంది ఆ ఖాళీ. నాకు భయం వేసింది కూడా అక్కడే. ఏమీ తెలియనివాడైతే మెల్లగా తిప్పుతాడు. ఈయన చేతులు ఈయన్ని అడగకుండానే తిప్పేస్తాయి.

పీట కొనడానికి కొట్టుకి వెళ్ళినప్పుడు మా పక్కింటి ఆయన్ని వెంట రమ్మన్నాం. హైదరాబాద్ ఆయన. ప్రభుత్వ ఆఫీసులో కంప్యూటర్ ఉద్యోగం. ఏ వస్తువు కొన్నా ముందు దాని గురించి ఉన్న వీడియోలన్నీ చూసి కానీ కొనడు. కొట్టులో నేల మీద మూడు పీటలు వరసగా పెట్టి ఉన్నాయి. అమ్మే ఆవిడ ఇంగ్లీషులో చెబుతూ ఉంటే ఆయన మాకు తెలుగులో చెబుతున్నాడు.

మొదటిది కదలని పీట. ఎక్కడ బిగిస్తే అక్కడే ఉంటుంది. పొడుగు తొట్టి బండ్లకి అది చాలు.

రెండోది చేత్తో జరిపే పీట. ఇరుకు మలుపు వచ్చినప్పుడు బండి ఆపి, దిగి, ట్రైలర్ చక్రాలకి అడ్డం దిమ్మలు పెట్టి, పీట పక్కన ఉన్న లివరు లాగాలి. మళ్ళీ ఎక్కి బండిని కొంచెం ముందుకి పోనిస్తే, ట్రైలర్ ఉన్నచోటే ఉండి పీట వెనక్కి జారుతుంది. మూతికీ అద్దానికీ మధ్య సందు పెరుగుతుంది. మలుపు అయ్యాక మళ్ళీ దిగి, పీటని ముందుకి తెచ్చి బిగించి, అప్పుడు రోడ్డెక్కాలి.

మూడోది తనంతట తాను జరిగే పీట. బండి మలుపు తిరుగుతుంటే అదే వెనక్కి జరుగుతుంది. బండి తిన్నగా అయితే అదే ముందుకి వస్తుంది. దిగే పని లేదు, లాగే పని లేదు.

"మూడోదే తీస్కోండి అంకుల్. టెన్షన్ ఉండదు" అన్నాడు పక్కింటి ఆయన.

"మూడోది బరువయ్యా."

"ఒకసారి బిగిస్తే అయిపాయె. రోజూ నెత్తి మీద మోస్తరా ఏంది?"

మావారు మూడో పీట దగ్గర ఒక మోకాలి మీద కూర్చున్నారు. వేలితో దాని కింది పట్టాల్ని తడిమారు. లేచి నిలబడి, "తనంతట తాను జరిగే ఇనుముని నేను నమ్మను" అన్నారు.

పక్కింటి ఆయనకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

మా పెళ్ళయిన కొత్తలో ఈయన విశాఖ నుంచి ఇనప పైపుల లోడుతో ఘాట్ రోడ్డులో దిగుతున్నారు. ఒక వంపులో బ్రేకు నొక్కేసరికి కట్లు తెగి, పైపులు వాటంతట అవే ముందుకి జారాయి. క్యాబిన్ వెనక చెక్కని చీల్చుకుని లోపలికి వచ్చేశాయి. సీటు వెనక బల్ల మీద పడుకున్న క్లీనరు అప్పుడే చెప్పు కోసం కిందికి వంగాడట. వంగబట్టి బతికాడు, ఇదంతా నాకు చెప్పింది ఆ క్లీనరే. ఆ రోజు ఇంటికి వచ్చి ఈయన అన్నం ముందు కూర్చుని కలపకుండా చేతినే చూసుకుంటూ ఉండిపోయారు. అది నేను మర్చిపోలేదు. ఆయనా మర్చిపోలేదు.

ఇద్దరికీ ఉన్నది ఒకటే భయం, వెనక నుంచి ఇనుము వస్తుందని. ఆయన భయం రెండో పీట వైపు లాగుతోంది, నా భయం మూడో పీట వైపు లాగుతోంది.

"రెండోది తీసుకుందాం. జరపాల్సినప్పుడు నా చేత్తో జరుపుతాను, నా చేత్తో బిగిస్తాను" అన్నారు.

"మర్చిపోతే?"

"నేనా?"

"మీకు ఇనుము మీద నమ్మకం లేదు. నాకు చెయ్యి మీద లేదండీ."

అమ్మే ఆవిడ మేమేదో పోట్లాడుకుంటున్నామనుకుని పక్కింటి ఆయన్ని అడిగింది. ఆయన నవ్వి ఏదో చెప్పాడు. ఏం చెప్పావని నేను అడగలేదు. పైపుల సంగతి నలుగురిలో తీసి ఆయన్ని ఓడించడం నాకు ఇష్టం లేకపోయింది. రెండో పీటే తెచ్చుకున్నాం.

ట్రైలర్‌ని ఊరి చివర ఒక పెద్ద కంకర స్థలంలో పెట్టుకున్నాం. నెలకి ఇంత అని కడితే అక్కడ ట్రైలర్లు, పడవలు వరసల్లో నిలబెట్టుకోనిస్తారు. పీట బిగించాక అక్కడే అలవాటు చేసుకున్నాం. పక్కింటి ఆయన కూడా చూడ్డానికి వచ్చాడు. పికప్‌ని వెనక్కి పోనిచ్చి మేకుని పీట నోట్లో పడేయాలి. అది వాటంగా పడాలంటే వెనక ఒక మనిషి ఉండాలి.

"నువ్వు నిలబడవే. మన లారీలో లాగే" అన్నారు మావారు.

ఒకప్పుడు, రావులపాలెం నుంచి బరంపురానికి అరటిగెలల లోడు పోతుంటే క్లీనరుకి జ్వరం వచ్చింది. వేరే మనిషి దొరక్క నన్నే ఎక్కించుకుపోయారు. అప్పుడు నేర్పారు నాకు. డ్రైవరుకి వెనక మాట వినపడదు. బాడీ మీద కొట్టాలి. ఒకటి కొడితే ఆగమని. రెండు కొడితే పొమ్మని. వరసగా కొడుతూనే ఉంటే, దారి ఖాళీగా ఉంది, ఆపకుండా పోనివ్వమని. ఆ లోడు దిగేదాకా నేను ఆ తట్టుళ్ళతోనే ఆయనతో మాట్లాడాను.

ఇక్కడ కంకరలో నిలబడి తొట్టి పక్క రేకు మీద టకటకా రెండు కొట్టాను. బండి వెనక్కి వచ్చింది. ఒకటి కొట్టాను. ఆగింది. మళ్ళీ రెండు. మేకు ఖంగుమని పీట నోట్లో పడింది.

పక్కింటి ఆయన నోరు తెరిచి చూశాడు. "ఆంటీ, బ్యాకప్ కెమెరా ఉంది కదా బండికి?"

"అది ఆయనకి ఉంది బాబూ. నాకు చెయ్యి ఉంది."

తరవాత లివరు. మావారు దిగి, దిమ్మలు పెట్టి, లివరు లాగి, బండిని ముందుకి పోనిచ్చారు. పీట వెనక్కి జారింది. మలుపు తిప్పారు. మూతి మూల తిరిగి వచ్చింది కానీ సందులో నేను నిలబడేంత చోటు మిగిలింది. మళ్ళీ పీటని ముందుకి తెచ్చి బిగించారు. నా వంక చూసి, "ఇప్పుడేమంటావు?" అన్నారు.

నేను ఒక అలవాటు మాత్రం పెట్టాను. ఎక్కడ ఇరుకు మలుపు వచ్చినా నేను "పీట?" అని అడగాలి. ఆయన "జరిపాను" అనాలి. ఆ మాట వినిపించకపోతే స్టీరింగ్ తిప్పకూడదు. మొదట్లో ఆయన విసుక్కున్నారు. తరవాత నవ్వుకున్నారు. మనవరాలికి అది ఆటైపోయింది. వెనక నుంచి అదే ముందు అరిచేది, "తాతా, పీట?" అని.

అయినా నాకు భయం పోలేదు. వీధిలో ఏ పికప్ కనపడ్డా ముందు వెనక అద్దం వంకే చూసేదాన్ని. మా బండి కడుగుతున్నప్పుడు ఆ అద్దం మీద గుడ్డ ఆడిస్తుంటే లోపల పిల్ల సీటు కనిపించేది. దాని తల ఆనే చోట దిండు మాసి ఉండేది. నా చెయ్యి అక్కడే ఆగిపోయేది.

బయలుదేరే రోజు వచ్చింది. ఉదయం ఎండ బాగా కాసింది కానీ గాలి దుమ్ము లేపుతోంది. పిల్ల కళ్ళలో దుమ్ము పడుతుందని ముందే దాన్ని సీట్లో కూర్చోబెట్టి, బెల్టు బిగించి, అద్దాలు మూసేశాం. మావారు దానికి పాటలు పెట్టారు. ట్రైలర్‌ని పీటకి తగిలించడం అయింది. రోడ్డు ప్రయాణానికని పీటని ముందుకి తెచ్చి బిగించారు. అదంతా నా కళ్ళ ముందే అయింది. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

బండి మూతి పడమటికి ఉంది. గేటు కూడా పడమర వైపే. తిన్నగా పోతే చాలు.

కానీ మావారు తూర్పు ముఖంగా నిలబెట్టి కొబ్బరికాయ కొట్టకుండా, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించకుండా ఏ బండినీ దూర ప్రయాణానికి తీయరు. లారీ నాటి నుంచి అంతే. ఇక్కడ కంపెనీ ట్రక్కు తోలినప్పుడు కూడా ఎవరూ చూడకుండా యార్డులో ఒక చుట్టు తిప్పి, తూర్పుకి పెట్టి, ఒక నిమ్మకాయైనా తొక్కించి వచ్చేవారు. నాకూ అది ఉండాల్సిందే. హారతి పళ్ళెం ఇంట్లోనే సర్దుకుని తెచ్చాను. అసలు ఆ పొద్దున నాకున్న భయానికి, ఆ కొబ్బరికాయ ఒక్కటే ధైర్యం.

"నువ్వు అక్కడ నిలబడు. నేను చుట్టు తిప్పి తూర్పుకి పెడతా" అన్నారు. నేను పళ్ళెం పట్టుకుని దిగాను. ఆయన ఎక్కి తలుపు వేసుకున్నారు.

బండిలో నా సీటు ఖాళీ అయింది. "పీట?" అని అడిగే మనిషి కంకరలో నిలబడి ఉంది. మనవరాలు పాట వింటోంది.

నేను గాలికి అడ్డం తిరిగి కర్పూరం వెలిగిద్దామని చూస్తున్నాను. అగ్గిపుల్ల వెలగడం, ఆరిపోవడం. బండి నా ముందు నుంచి మెల్లగా కదిలింది. ఎడమకి తిరగడం మొదలుపెట్టింది. అటూ ఇటూ ట్రైలర్ల వరసలు, మధ్యలో దారి ఇరుకు. ఆయన స్టీరింగ్‌ని పూర్తిగా తిప్పేశారు. ఇంకో అగ్గిపుల్ల తీస్తూ తలెత్తాను.

ట్రైలర్ మూతి కుడి మూల నా వైపు నుంచి దూరంగా పోతోంది. ఎడమ మూల క్యాబిన్ మీదికి వస్తోంది. మెల్లగా, నా బూట్ల పెట్టె వచ్చినట్టే. వెనక అద్దంలో నుంచి మనవరాలి తల కనిపిస్తోంది. నేను పొద్దున కట్టిన పసుపు రిబ్బను పాటకి అటూ ఇటూ ఊగుతోంది.

"ఏవండీ!" అని అరిచాను. గాలి నా మాటని వెనక్కి తోసేసింది. అద్దాలు మూసి ఉన్నాయి. పాట. ఆయన ముఖం మీద ఎదుటి నుంచి తూర్పు ఎండ. కళ్ళు చికిలించి, ముందు నిలబెట్టి ఉన్న ఎవరిదో పడవకి తగలకుండా చూసుకుంటున్నారు. వెనక చూసే అద్దంలో ఎప్పుడూ ట్రైలర్ తెల్లటి మూతే నిండి ఉంటుంది. అది దగ్గరికి వచ్చిందని దాంట్లో ఎలా తెలుస్తుంది?

పళ్ళెం వదిలేసి పరిగెత్తాను. తొట్టి రేకు నా చేతికి అందింది. కొట్టాను. రెండు చేతులతో కొట్టాను. దబదబా దబదబా, నా బలమంతా పెట్టి కొట్టాను.

బండి వేగం పెంచింది.

ఎందుకు ఆగడం లేదు? నేను కొడుతుంటే ఎందుకు ఇంకా పోతున్నారు? ఇంకా గట్టిగా కొట్టాను. ఇంకా పోయింది. మూల ఇప్పుడు అద్దానికి జానెడు దూరంలో ఉంది. రిబ్బను ఊగుతోంది.

అప్పుడు నా చేతులకే గుర్తొచ్చింది. బరంపురం దారి. వరసగా కొడుతూ ఉంటే ఆపకుండా పొమ్మని. నేనే పొమ్మంటున్నాను. నా చేతులతో నేనే ఆ మూలని పిల్ల మీదికి తోలుతున్నాను.

ఆగమని చెప్పాలంటే ఒక్కటే కొట్టాలి. ఒకటి కొట్టి ఊరుకోవాలి. భయపడిన చేతికి అంతకన్నా కష్టమైన పని ఇంకొకటి ఉండదు. చేతులు రేకు మీద నుంచి తీసేశాను. ఏ చప్పుడూ చేయకుండా ఒక్క అడుగు బండితో పాటు నడిచాను. ఆ అడుగు వేస్తున్నంతసేపు మూల ఇంకా జరుగుతూనే ఉంది. అప్పుడు అరచెయ్యి చాపి ఒక్కటి కొట్టాను. కొట్టిన చేతిని రెండో చేత్తో గుండెకి అదిమి పట్టుకున్నాను, మళ్ళీ పైకి లేవకుండా.

బండి ఆగింది.

కంకర మీద కొబ్బరికాయ దొర్లుతూ పోయింది. తరవాత డ్రైవర్ తలుపు తెరుచుకుంది. మావారు చిరాకుగా దిగారు. "పొమ్మని కొడతావు, ఆగమని కొడతావు, ఏంటే నీ..." అంటూ ఇటు తిరిగి, మాట మధ్యలో ఆపేశారు.

మూలకీ అద్దానికీ మధ్య నా అరచెయ్యి అడ్డంగా పెడితే పట్టేంత సందు ఉంది. ఆయన వచ్చి ఆ సందులో చెయ్యి పెట్టారు. నా చెయ్యి లాంటిది కాదు, ఆయన చెయ్యి లావు. అది పట్టలేదు. పక్కకి తిప్పి పెట్టాల్సి వచ్చింది.

లోపల నుంచి మనవరాలు తల తిప్పి అద్దంలో మమ్మల్ని చూసింది. నేను తలుపు తీసి బెల్టు విప్పుతుంటే అది ఇంగ్లీషులో చాలా మామూలుగా చెప్పింది.

"అమ్మమ్మా, ద క్యాంపర్ వాంటెడ్ టు కమ్ ఇన్."

"లేదమ్మా, ట్రైలర్ లోపలికి రాదు. రానివ్వను" అన్నాను. దాన్ని ఎత్తుకుని ఎంత దూరం నడిచానో నాకు తెలియదు. దూరంగా నడిచాను. అక్కడ దాన్ని దింపి, ఒక చోటు చూపించి కదలొద్దని చెప్పాను. అక్కడ నేల ఉడతల బొరియలు ఉన్నాయి. అది వాటిని చూస్తూ కూర్చుంది.

అయినా పని అయిపోలేదు. బండి అలా ముడుచుకుని దారికి అడ్డంగా ఉంది. ముందుకి పోతే మూల అద్దంలోకి పోతుంది. వెనక్కి పోవాలి, అది కూడా స్టీరింగ్ ఏమాత్రం కదపకుండా, వచ్చిన దారినే. కాస్త తేడా వస్తే అదే మూల మళ్ళీ తగులుతుంది. మావారు ఎక్కి కూర్చున్నారు. పాట ఆపేశారు. కిటికీ దించారు. చేతులు స్టీరింగ్ మీద పెట్టి నన్ను చూశారు.

"నువ్వు కొట్టు. నువ్వు కొడితేనే కదులుతా."

ఆ మాట ఆయన బరంపురం దారిలో కూడా అనలేదు.

నేను తొట్టి దగ్గర నిలబడి రెండు కొట్టాను. నా అరచెయ్యి ఎర్రగా మండుతోంది. బండి జానెడు వెనక్కి పోయింది. ఒకటి. ఆగింది. సందు చూశాను. బెత్తెడు పెరిగింది. మళ్ళీ రెండు. అలా కొంచెం కొంచెంగా ఆ మూలని అద్దానికి దూరం చేశాం. సందులో నుంచి అవతలి ఆకాశం పూర్తిగా కనిపించాక ఆయన ఇంజన్ ఆపారు. దిగి, ట్రైలర్ మెట్టు మీద కూర్చుని, తన చేతినే చూసుకుంటూ ఉండిపోయారు. చాలా ఏళ్ళ కిందట అన్నం ముందు చూసుకున్నట్టే.

నేను పక్కన కూర్చున్నాను.

"లివరు" అన్నారు చివరికి. "నేనే బిగించి, నేనే మర్చిపోయాను."

"నేను పక్కన లేను కదండీ. అడగలేదు."

"నువ్వు అడగాలా?"

కొబ్బరికాయ కొట్టలేదు. నిమ్మకాయలు కంకరలో అలాగే ఉన్నాయి. పిల్ల వాటిని ఏరుకుని వచ్చి "తాతా, లెమనేడ్?" అంది. ఆ రోజు ప్రయాణం మానుకుని ఇంటికి పోయి, ఆ నిమ్మకాయలతోనే దానికి నీళ్ళు కలిపి ఇచ్చాను.

మర్నాడు మావారే కొట్టుకి పోదామన్నారు. అమ్మే ఆవిడ గుర్తుపట్టి ఏదో పలకరించింది. ఆయన ఆమెని దాటి నేరుగా మూడో పీట దగ్గరికి వెళ్ళారు. నమూనాకి పెట్టిన మేకు పట్టుకుని దాన్ని తిప్పారు. పీట వెనక్కి జరిగింది. తిన్నగా చేశారు. ముందుకి వచ్చి టక్కున కూర్చుంది. మళ్ళీ తిప్పారు. మళ్ళీ వచ్చింది. ఎన్నిసార్లు తిప్పారో, ఆవిడ చూసి చూసి వేరే పని మీద పోయింది. నేను నిలబడే ఉన్నాను. తొందర చేయలేదు.

"ఇదీ జరుగుతుంది. కానీ మళ్ళీ తన చోటికి వస్తుంది" అన్నారు తల ఎత్తకుండా. "ఆ పైపులు మళ్ళీ వాటి చోటికి రాలేదే."

ఆ పైపుల మాట ఆయన నోట నేను విన్నది అదే మొదటిసారి.

మూడో పీట బిగించుకున్నాక పక్కింటి ఆయన వచ్చి తొట్టిలోకి తొంగి చూశాడు. "మార్చినరా అంకుల్? ఎందుకు?"

"అది బరువుందయ్యా, తియ్యడం పెట్టడం కష్టం" అన్నారు మావారు.

"గిది దానికంటే ఎక్కువ బరువుంటది కదా?"

మావారు నా వంక చూశారు. నేను "కాఫీ తాగుతావా బాబూ" అని అడిగాను.

కొండలకి పోయాం. ఆ నీలం సరస్సులు, ఆ మంచు, అన్నీ మనవరాలికి చూపించారు. దానికి కొండల కన్నా వాటి మీద తిరిగే మేకలు నచ్చాయి. ప్రయాణం అంతా బాగానే జరిగిందని మా అమ్మాయికి ఫోన్లో చెప్పాను. కంకర స్థలంలో జరిగింది చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

కానీ ఆ ప్రయాణంలో నేను ముందు సీట్లో కూర్చోలేదు. వెనక పిల్ల పక్కన కూర్చున్నాను. పెట్రోలు పోయించుకోవడానికి ఆగినప్పుడు, క్యాంపు స్థలంలో చెట్ల మధ్య తిప్పినప్పుడు, మా వీపు వెనక ఆ పీట కదిలేది. ముందు గరగరమని ఒక చప్పుడు. తరవాత బండి తిన్నగా అయ్యేదాకా నిశ్శబ్దం. ఆ తరవాత టక్ అని తన చోట కూర్చోవడం. ఆ గరగరకీ ఆ టక్‌కీ మధ్య నేను ఊపిరి తీసుకోను. అద్దానికీ పిల్ల తలకీ మధ్య నా అరచెయ్యి పెట్టి ఉంచుతాను. అంత ఇనుము వస్తే నా చెయ్యి ఏం ఆపుతుంది? తెలుసు. అయినా పెడతాను.

మావారు వెనక చూసే అద్దంలో చూస్తారు. ట్రైలర్‌ని కాదు, నా చేతిని.

"టక్కుమందా?" అంటారు.

"అందండీ."

"అయితే తియ్యి చెయ్యి."

"మీరు పోనివ్వండి" అంటాను. చెయ్యి మాత్రం తియ్యను.